గేటు లోపల ఉంటున్న మా ఊరివాళ్లకు

నమస్తే అన్నా, నమస్తే అక్కా.

మీలో పదకొండు ఇళ్లకు రోజూ పొద్దున పాలు పోసేది నేనే. కొందరికి మొహం తెలుసు, పేరు తెలియకపోవచ్చు, ఫోన్లో 'మిల్క్' అని సేవ్ చేసుకున్నారని నాకు తెలుసు, దాంట్లో బాధేం లేదు, నా ఫోన్లో కూడా మీరంతా విల్లా నంబర్లే. ఈ ఉత్తరం పాల గురించి కాదు, మీ పడమటి గోడ గురించి. ఇదే సంగతి మూడుసార్లు కాగితం మీద రాసి మీ అసోసియేషన్ ఆఫీసులో ఇచ్చాను. కమిటీలో పెడతాం అన్నారు. మూడోసారి పోయినప్పుడు నా మొదటి రెండు కాగితాలు అదే టేబుల్ మీద, టీ గ్లాసుల కింద కనబడ్డాయి. అందుకే ఇప్పుడు అందరికీ కనబడేటట్టు రాస్తున్నాను.

మా ఊరి పేరు రాయను. రాస్తే రేపు పొద్దునకల్లా రేటు పెంచడానికి ఒకడు, తగ్గించడానికి ఒకడు దిగుతాడు. హిమాయత్‌సాగర్‌కు ఎగువన, చేవెళ్ల రోడ్డు నుంచి కొంచెం లోపలికి, చెరువుల కోసం కాలనీలు, ఫ్యాక్టరీలు వద్దన్న జీవో 111 కిందికి వచ్చే 84 ఊళ్లలో ఒకటి, అంతవరకు చాలు. మీకు ఇచ్చిన బ్రోచర్లో అయితే ఊరి పేరే లేదు. 'గచ్చిబౌలికి 35 నిమిషాలు' అని ఉంది. ఆ 35 నిమిషాలు ఏ అర్ధరాత్రి లెక్కపెట్టారో మీకిప్పుడు నాకంటే బాగా తెలుసు.

సరే, గోడ.

మీ పడమటి గోడ ఒక ఒర్రె మీద కట్టి ఉంది. ఒర్రె అంటే వాగు కంటే చిన్నది, వానాకాలం తప్ప మిగతా రోజుల్లో చూస్తే అది నీళ్ల దారి అని ఎవరూ అనుకోరు, తుమ్మచెట్లు, రాళ్లు, అంతే. మీకు ప్లాటు చూపించింది ఎండాకాలంలోనే అయి ఉంటుంది, మా దగ్గర ప్లాట్లు చూపించేదంతా మార్చి నుంచి మే దాకానే, ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ ఒర్రె పైన అర కిలోమీటరు దూరంలో ఒక కుంట ఉంది. కుంట నిండితే మత్తడి (అలుగు) దూకుతుంది, ఆ నీళ్లు ఈ ఒర్రె పట్టుకుని వచ్చి మా పెద్దచెరువులో పడతాయి. చెరువు నిండి దాని మత్తడి దూకితే కింద ఊరి చెరువుకు, అక్కడి నుంచి వాగుకు, వాగు నుంచి ఈసీ నదికి, ఈసీ నుంచి హిమాయత్‌సాగర్‌కు. గొలుసుకట్టు చెరువులు అని పేపర్లో రాస్తారే, అది ఇదే. గొలుసులో ఒక కడియం తీసేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు.

మా తాత ఈ ఊరికి నీరటి. చెరువు తూము ఎప్పుడు తియ్యాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పోవాలి, కట్టకు ఎక్కడ ఎలుక బొక్క పెట్టింది, అదంతా చూసుకునే పని. రాత్రి వాన మొదలైతే ఆయన పడుకునేవాడు కాదు. గొంగడి కప్పుకుని, కందిలి పట్టుకుని ఒర్రె వెంట పైకి నడిచి కుంట చూసి వచ్చేవాడు. చిన్నప్పుడు రెండు మూడుసార్లు నేనూ వెంట పోయాను కాబట్టి ఆ దారి నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఇప్పుడు ఆ దారిలో మీ క్లబ్‌హౌస్, పిల్లల జారుడుబండ, తర్వాత పన్నెండడుగుల గోడ.

బిల్డర్ ఒర్రెను పూర్తిగా మూసేయలేదు, అంత మాట అనను. గోడ కింద రెండు సిమెంటు పైపులు పెట్టాడు, ఒక్కొక్కటి రెండడుగులు. ఒర్రె వెడల్పు అక్కడ ఊరి నక్ష (పటం) ప్రకారం ఇరవై అడుగుల పైనే. ఇరవై అడుగుల నీళ్లను రెండు పైపుల్లోకి పొమ్మంటే పోతాయా, అదీ ముందు నుంచి కొట్టుకొచ్చిన తుమ్మకొమ్మలూ ప్లాస్టిక్ కవర్లూ పైపులకు అడ్డం పడ్డాక?

2025 సెప్టెంబరు చివరి వారం వానలు మీకు గుర్తుండే ఉంటాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తారు, మూసీ పొంగి సిటీలో ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లు వచ్చాయి, టీవీలన్నీ అదే చూపించాయి. ఆ రాత్రి మా దగ్గర ఏం జరిగిందో ఏ టీవీలోనూ రాలేదు. కుంట మత్తడి దూకింది, నీళ్లు వచ్చి మీ గోడకు ఆగాయి. ఆగి, ఎడమకు తిరిగాయి. ఎడమ పక్కన పల్లంలో ఉన్నది ఎస్సీ కాలనీ. పద్నాలుగు ఇళ్లలో మోకాళ్ల లోతు నీళ్లు. బియ్యం, పిల్లల పుస్తకాలు, ఒక ఇంట్లో రెండు మేకలు పోయాయి. తెల్లవారుజామున మూడున్నరకు గోడ ముప్ఫై అడుగుల మేర కూలింది. అప్పుడు ఆగిన నీళ్లన్నీ ఒక్కసారి మీ లోపలికి దూసుకొచ్చి ఆ చివరి వరుస ఇళ్ల ముందు కార్లు మునిగాయి. కార్లు మునిగినందుకు నాకు సంతోషమేం లేదు, ఆ వరుసలో నా పాల ఇళ్లు నాలుగున్నాయి. ఒక అక్క వరండాలో నిలబడి ఏడుస్తుంటే ఇద్దరు ముసలివాళ్లను మేమే ఎత్తుకుని మేడ మీదికి చేర్చాం.

వారం తిరగకుండా రెండు పనులు జరిగాయి. మీ అసోసియేషన్ వాళ్లు 'పంచాయతీ డ్రైనేజీ సరిగ్గా లేకపోవడం వల్ల మా కాలనీ మునిగింది' అని ఎంపీడీవోకు ఫిర్యాదు ఇచ్చారు. ఇంకోటి, కూలిన గోడను మళ్లీ కట్టారు, ఈసారి ఇంకో రెండడుగులు ఎత్తుగా, పిల్లర్లు వేసి. పైపులు మాత్రం అవే రెండు.

ఇది చూసి ఊళ్లో కుర్రాళ్లకు కోపం వచ్చింది. గడ్డపారలు పట్టుకుని పోదామన్నారు. పెద్దమనుషులు ఆపారు. నేను ఆపలేదు, ఆపినవాళ్లలో ఉన్నానని అబద్ధం చెప్పను. కానీ మర్నాడు పాలు పోస్తూ ఒక్కో ఇల్లు తిరుగుతుంటే అనిపించింది, వీళ్లలో సగం మందికి ఇక్కడ ఒర్రె ఉందన్న సంగతే తెలియదు, చెప్పినవాడు లేడు, అమ్మినవాడు ఎట్లాగూ చెప్పడు. అందుకే గడ్డపారకు ముందు ఈ ఉత్తరం.

మీకు అమ్మినప్పుడు చెప్పారో లేదో తెలియదు కాబట్టి జీవో 111 సంగతి కూడా కొంచెం చెప్తాను. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, నది పైన ఆనకట్టలు కట్టమని ఆయన చెప్పాడు, మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. సిటీని ముంచకుండా ఆపడానికి కట్టినవి సిటీకి తాగునీళ్లు కూడా ఇచ్చాయి. ఆ నీళ్లు ఎక్కడి నుంచి రావాలి? మా ఒర్రెల నుంచే. అందుకని 1996 మార్చి 8న ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. రెండు చెరువుల నిండు మట్టం నుంచి పది కిలోమీటర్ల లోపల కాలుష్యం తెచ్చే ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దు, కొత్త లేఔటు వేస్తే అరవై శాతం ఖాళీ స్థలాలకూ రోడ్లకూ వదలాలి అని. శంషాబాద్ మండలం పెద్దషాపూర్ దగ్గర నూనె ఫ్యాక్టరీ పెడతామంటే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, 2000లో కోర్టు కూడా చెరువుల వైపే నిలబడింది.

మీరు అనుకుంటారేమో, వీడు పర్యావరణం మనిషి, మొదటి నుంచీ జీవో పక్షం అని. కాదు. ఆ జీవో ఎత్తేయాలని ధర్నాలో కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. గండిపేట (ఉస్మాన్‌సాగర్) అంచున ఉన్న కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటిందంటే, కనుచూపు మేరలోనే మా ఎకరాన్ని అడిగే దిక్కు లేకపోతే, మాకు ఎట్లా ఉంటుందో చెప్పండి. బిడ్డ పెళ్లికి అమ్ముదామంటే కొనేవాడు 'వన్ వన్ వన్ కదా' అని పెదవి విరిచి సగం రేటు చెప్పేవాడు. సిటీ వాళ్లు నీళ్లు తాగాలి కాబట్టి మేం బీదగానే ఉండాలి అన్నట్టుండేది, దానికి పరిహారంగా ఒక్క పైసా మాకు ఎవరూ ఇవ్వలేదు. 2022 ఏప్రిల్‌లో ఆ కట్టడి సడలిస్తూ జీవో 69 వచ్చినప్పుడు, 2023 మేలో కేబినెట్ జీవో 111ను మొత్తానికే ఎత్తేస్తామన్నప్పుడు మా ఊళ్లో పటాకులు కాల్చారు, నేనూ కాల్చాను. అప్పటికి మీ గోడ ఇంకా లేచి లేదు. ఇప్పుడు అడిగితే నాకే ఒక మాట మీద నిలబడటం చేతకావడం లేదు. పొలం రేటు పెరగాలని ఉంటుంది, ఒర్రె ఒర్రెగానే ఉండాలనీ ఉంటుంది.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను, లేకపోతే ఈ ఉత్తరం చదివి మా ఊరివాళ్లే నవ్వుతారు. మీ కాలనీ ఉన్న భూమి మేం అమ్మిందే. ఎవరూ గుంజుకోలేదు. దాంట్లో ఎకరం పది గుంటలు మా నాన్నది, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కడుతున్న రోజుల్లో, 2006లో అమ్మాడు. అప్పుడు అది జీవితంలో చూడనంత డబ్బు. అక్క పెళ్లి అయింది, రెండు గదుల స్లాబు ఇల్లు పడింది, మిగిలింది ఒక చిట్టీలో వేస్తే ఆ చిట్టీవాడు ఎత్తేశాడు. నాలుగేళ్లలో ఇంటి గోడలు తప్ప ఏం మిగల్లేదు. మా నాన్న కొన్నాళ్లు అదే భూమికి వాచ్‌మన్‌గా ఉన్నాడు, ఆయనకు అది అవమానంగా అనిపించలేదు, 'పొద్దున లేచి చూడటానికి పొలం కనబడుతుంది కదరా' అనేవాడు. తర్వాత దాన్ని కొన్నవాడు ఇంకొకడికి, వాడు బిల్డర్‌కు, బిల్డర్ మీకు. కాబట్టి మీ మీద నాకు భూమి పంచాయితీ లేదు. మేం అమ్మింది భూమి. ఒర్రె మాది కాదు, అమ్మడానికి మాకు హక్కు లేదు, కొనడానికి మీకూ లేదు. పాస్‌బుక్కుల్లో ఎక్కడా అది ఎవరి పేరు మీదా ఉండదు.

నక్ష ఒక్కసారి తీసి చూడండి. రెవెన్యూ వాళ్ల దగ్గర ఊరి నక్ష ఉంటుంది, నా దగ్గర జిరాక్స్ ఉంది, మడతల దగ్గర చిరిగింది కానీ కనబడుతుంది. ఒర్రె, బండ్లబాట, చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల), కుంట, అన్నీ ఉన్నాయి. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పది మీటర్ల లోపు వెడల్పున్న వాగుకైనా కాలువకైనా అంచు నుంచి రెండు మీటర్లు వదలాలి, పది మీటర్లు దాటితే తొమ్మిది మీటర్లు, పది హెక్టార్లు అంటే దాదాపు 25 ఎకరాలు, ఆ పైన ఉన్న చెరువుకైతే ముప్ఫై మీటర్లు. మీ గోడ రెండు మీటర్లు వదలడం మాట అటుంచి ఒర్రె నడిమధ్యలో నిలబడింది. రేపు ఏ అధికారో వచ్చి మార్కింగ్ చేస్తే నోటీసు వచ్చేది బిల్డర్‌కు కాదు, వాడు ఫ్లెక్సీలు తీసేసుకుని ఇంకో ఊరికి పోయాడు. మీకే.

నీళ్ల సంగతి ఎత్తాను కాబట్టి బోర్ల సంగతి కూడా. మా నాన్న బోరు నూటఎనభై అడుగులు, 2019 దాకా పోసింది. మీ కాలనీలో మొదటి మూడు బోర్లు వేసిన ఏడాదే అది గాలి కొట్టడం మొదలుపెట్టింది. మీ బోర్లు వెయ్యి అడుగులు దాటాయని మీ సూపర్‌వైజరే చెప్పాడు. నీళ్లనూ చెట్లనూ కాపాడే వాల్టా చట్టం వచ్చింది 2002లో, బోరు వెయ్యాలంటే పర్మిషన్ కావాలి, ఆ సంగతి మాకూ తెలుసు, మేమూ ఎన్నడూ తీసుకోలేదు, కాబట్టి దీంట్లో ఇద్దరం దొంగలమే. ఇప్పుడు మార్చి వస్తే మీకూ ట్యాంకర్లే, రాత్రి పదింటి నుంచి మూడు టాటా టర్బోలు ఆగకుండా తిరుగుతాయి. ఆ నీళ్లు అమ్మేదెవరు? మా ఊరోడే. పాలకూర, చామంతి పెట్టి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తోలే కంటే బోరు నీళ్లు మీకు అమ్మితే నాలుగింతలు మిగులుతుందని తోట ఎండబెట్టుకున్నాడు. పక్క పొలం వాళ్ల బోరు కూడా ఎండిపోయింది. వాడి మీద అరిచి లాభం లేదు, అప్పు తీరాలి. చెరువు నిండితే మాత్రం ఊరంతటి బోర్లకూ ఊట వస్తుంది, మీ వెయ్యి అడుగుల బోర్లకు కూడా ఎంతో కొంత. చెరువు నిండాలంటే మళ్లీ ఆ ఒర్రే.

ఇక మీ మురుగునీళ్లు. ఎస్టీపీ, అంటే మురుగు శుద్ధి చేసే ప్లాంటు ఉందని చెప్పారు, మిషన్లు నేను కూడా చూశాను, కొత్తగా నిగనిగలాడుతున్నాయి. కానీ రాత్రిపూట అది నడవదు, కరెంటు బిల్లు ఎక్కువని ఆపేస్తారట, మురుగంతా వెనక పైపులోంచి నేరుగా చెరువు దారిలోకి. పోయిన నవంబరులో చెరువు మీద సబ్బునురగ తేలింది. వారానికి చేపలు తెల్లగా పైకి వచ్చాయి. ముదిరాజ్ సంఘం వాళ్లు జూన్‌లో చేపపిల్లలు వదిలారు, చేతికొచ్చే సమయానికి పోయాయి. నా బర్లు ఆ నీళ్లు ముట్టడం మానేశాయి. ఆ బర్ల పాలే మీ ఇళ్లకు వస్తాయి, ఇంతకంటే వివరంగా చెప్పను.

మీ ఫిర్యాదులు కూడా నా దాకా వస్తాయి, అన్నీ తప్పని అనను. బోనాలకు డీజే పెట్టి రాత్రి రెండింటి దాకా ఊదరగొట్టడం తప్పే, మా ఇంట్లో చిన్నపిల్ల కూడా పడుకోలేదు. చెత్త కాలబెట్టడం తప్పు. రోడ్డు మీద బర్లు, అదొక్కటి మాత్రం ఒప్పుకోను, ఆ రోడ్డు మొదట బండ్లబాట, బర్లు ముందు వచ్చాయి, మీ కార్లు తర్వాత. కోడి పొద్దున నాలుగింటికే కూస్తుందని ఒకాయన సర్పంచ్‌కు ఫోన్ చేశాడట. సర్పంచ్ ఏం చెయ్యాలి?

సర్పంచ్ అంటే గుర్తొచ్చింది, అసలు అడగదల్చుకున్నది ఇదే. 2024 ఫిబ్రవరిలో పాత పాలకవర్గం గడువు అయిపోయాక దాదాపు రెండేళ్లు ఊరికి సర్పంచే లేడు, స్పెషల్ ఆఫీసర్ ఉండేవాడు, ఆయనకు మా ఊరితో పాటు ఇంకా ఎన్నో పనులు, వారానికి ఒకసారి వస్తే గొప్ప. మీ గోడ లేచింది సరిగ్గా ఆ రెండేళ్లలోనే. అడిగేవాడు లేని టైం. చివరికి 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. మా ఊళ్లో ఓట్లు 1,900 చిల్లర, సర్పంచ్ గెలిచింది 61 ఓట్లతో. మీ కాలనీలో 160 ఇళ్లు, ఇంటికి రెండు ఓట్లు లెక్కేసినా 320. ఆ రోజు పోలింగ్ బూత్‌కు వచ్చింది మీలో తొమ్మిదిమంది. నేను అక్కడే ఏజెంటుగా కూర్చున్నాను కాబట్టి లెక్క తెలుసు. మిగతావాళ్ల ఓటు కూకట్‌పల్లిలోనో, గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఉంది.

మీరు ఉండేది ఇక్కడ, తాగేది ఇక్కడి నీళ్లు, మీ చెత్త పోయేది మా పంచాయతీ ట్రాక్టర్లో, ఓటు మాత్రం సొంతూళ్లో. ఆ సొంతూరి మీద మమకారం ఉంటుంది, నాకు తెలుసు. కానీ అక్కడి డ్రైనేజీ మిమ్మల్ని ముంచదు కదా. ఇల్లు మారినప్పుడు ఓటు మార్చుకోవడానికి ఫారం 8 ఉంది, ఫోన్లోనే పెట్టొచ్చు, మీరు రోజూ చేసే పనులతో పోలిస్తే అదేం పని. శనివారం వచ్చి ఆదివారం పోయే ఫామ్‌హౌస్ వాళ్లను అడగడం లేదు, వాళ్లు ఇక్కడ ఉండరు కాబట్టి వాళ్ల ఓటు ఇక్కడ ఉండకూడదు కూడా. ఏడాది పొడుగునా ఇక్కడే ఉండేవాళ్లను అడుగుతున్నాను.

ఎందుకంటే ఊరి ఓటరు జాబితాలో పేరుంటే మీరు గ్రామసభ సభ్యులు. ఎవరి దయా అక్కర్లేదు, రాజ్యాంగమే అట్లా చెప్పింది. గ్రామసభలో లేచి నిలబడి 'ఎస్టీపీ రాత్రిపూట ఎందుకు ఆపుతున్నారు', 'టిప్పర్లు స్కూల్ టైంలో ఎందుకు తిరుగుతున్నాయి' అని అడగొచ్చు, తీర్మానం రాయించొచ్చు. మేం అడిగితే ఆఫీసర్లు 'చూద్దాం' అంటారు, మీలో ఒకరు ఇంగ్లీషులో రెండు ఈమెయిళ్లు పెడితే జీపు వస్తుంది. ఇది నేను కళ్లారా చూశాను, సిగ్గుగానే ఉంటుంది కానీ నిజం. మీకేమో ఇక్కడ ఏ నీళ్లు ఎటు పోతాయో తెలియదు, మాకు తెలుసు. రెండూ ఒకచోట కూర్చుంటే ఆ గోడ పని నెలలో అయిపోతుంది.

ఇది కూడా ఎక్కువ రోజులు ఉండే అవకాశం కాదు. ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఉన్న పంచాయతీలను 2024 సెప్టెంబరులోనే మున్సిపాలిటీల్లో కలిపేశారు, మా పక్కన మొయినాబాద్, చేవెళ్ల కూడా మున్సిపాలిటీలు అయ్యాయి. మా వంతు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మున్సిపాలిటీ అయితే మీకు మంచిదే అనిపిస్తుంది, వీధిలైట్లు, రోడ్లు. మా ఎస్సీ కాలనీ ఆడవాళ్లకు అదే రోజు ఉపాధి పని పోతుంది, అది పల్లెలకే కదా వర్తించేది. ఇంటిపన్ను పెరుగుతుంది, దాని కంటే పెద్దది, గ్రామసభ ఉండదు. ఊరంతా ఒకచోట కూర్చుని ఆఫీసర్ని నిలదీసే ఆ ఒక్క రోజు పోతుంది. వార్డుకొక కౌన్సిలర్ ఉంటాడు, ఆయన దొరకాలి. ఆ లోపల ఒర్రె పని గ్రామసభ పుస్తకంలో తీర్మానంగా ఎక్కితే, తర్వాత ఏ ఆఫీసు వచ్చినా ముందు పెట్టడానికి ఒక కాగితం ఉంటుంది.

నేను అడిగేది పెద్ద పని కాదు. గోడ మొత్తం పడగొట్టమనడం లేదు, మీ పిల్లల భద్రత మీకుంటుంది. ఒర్రె దాటే చోట ఇరవై అయిదు అడుగుల మేర గోడ తీసి అక్కడ ఇనుప జాలీ పెట్టండి, మనిషి దూరకుండా, నీళ్లు ఆగకుండా. కింద ఆ రెండు పైపులు తవ్వేసి బాక్స్ కల్వర్టు కట్టాలి. మీ లోపల క్లబ్‌హౌస్ పక్క నుంచి పోయే భాగంలో పోసిన మట్టి తియ్యాలి, దానికి మా ట్రాక్టర్లు వస్తాయి, డీజిల్ మీరు పోయించండి. జాలీకి కొట్టుకొచ్చే చెత్త వానాకాలంలో వారానికి ఒకసారి తియ్యాలి, ఆ పని మా ఊరి కుర్రాళ్లు చూసుకుంటామన్నారు, గడ్డపారలు పట్టుకుని బయల్దేరినవాళ్లే వీళ్లు. ఎస్టీపీ రాత్రి కూడా నడపండి. ఎంత బిల్లు ఎక్కువవుతుందో 160 ఇళ్లకు పంచుకుని చూడండి, నేను పోసే అరలీటరు పాల కంటే తక్కువే పడుతుందని నా లెక్క, తప్పయితే దిద్దండి.

ఈ ఆదివారం పొద్దున ఏడింటికి, పాలు పోయడం అయిపోయాక, నక్ష పట్టుకుని మీ పడమటి గోడ బయట నిలబడి ఉంటాను. కుంట నుంచి చెరువు దాకా ఒర్రె వెంట నడిస్తే గంటన్నర పడుతుంది. వచ్చేవాళ్లు రండి, పిల్లల్ని కూడా తీసుకురండి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి, తుమ్మముళ్లుంటాయి. గోడ లోపలి భాగం కూడా చూడాలి కాబట్టి మీలో ఎవరైనా ఒకరు గేటు దగ్గర నా పేరు చెప్పి పెట్టండి. అక్కడ సెక్యూరిటీలో ఉన్నది మా చిన్నాయన కొడుకే, కానీ పాల టైం దాటితే వాడు నన్ను కూడా లోపలికి పోనివ్వడు, 'అన్నా, ఏ విల్లాకో చెప్పు' అంటాడు.